ఉగాది ఆగిపోయిన ఇల్లు

1992 ఫిబ్రవరి 2, సూర్యాపేట
డాక్టరమ్మ చెప్పింది — నా పురుడు ఏప్రిల్ మొదటి వారమట. అత్తమ్మ లేచి గోడమీది క్యాలెండర్ దగ్గరికి వెళ్ళింది. వేలు పెట్టి వెతికింది. ఉగాది నాలుగో తారీఖు. తిరిగొచ్చి నా చెయ్యి పట్టుకుంది. పెళ్ళయిన మూడేళ్లలో ఆమె అలా పట్టుకోవడం ఇదే మొదటిసారి.

ఫిబ్రవరి 3
పన్నెండేళ్లుగా ఈ ఇంట్లో ఉగాది లేదు. ఆయన చెల్లెలు శారద, తొమ్మిదేళ్లది, జ్వరంతో ఆ రోజే పోయింది. పండుగనాడు ప్రాణం పోతే, మళ్ళీ అదే పండుగనాడు ఆ ఇంటి బిడ్డో దూడో పుట్టేదాకా ఆ పండుగ చెయ్యకూడదట. పచ్చడి లేదు, పూర్ణం పెట్టిన బచ్చాలు లేవు. పొయ్యి మీద నూనె మూకుడైనా పెట్టరు. వీధంతా బెల్లం పాకం వాసన... మేం పప్పన్నం తిని తలుపేసుకుంటాం.
నిరుడు బర్రె మూడు రోజుల ముందే ఈనింది. అత్తమ్మ వారం దాకా దాని మొహం చూడలేదు. పాపం, దానికేం తెలుసు క్యాలెండర్!

ఫిబ్రవరి 19
బచ్చాల మీదికి మనసు పోతోంది. అడగలేను.

మార్చి 8
మధ్యాహ్నం పడుకున్నాను. నిద్రపోయాననుకుంది అత్తమ్మ. నా కడుపు మీద చెయ్యి పెట్టి — "జర ఆగు శారదా... పండుగ దాంక ఆగు బిడ్డా. ఆనాడు పచ్చడి సగమే తాగినవ్."
కళ్ళు తెరవలేదు.

మార్చి 9
ఆయనకు చెప్పాను. "అమ్మ బాధ గట్ల. నువ్వు పరేషాన్ గాకు." మరి కొడుకు పుడితే? "గప్పుడు సూద్దాం తియ్."

మార్చి 15, కోదాడ
పురుటికి అమ్మ దగ్గరికి వచ్చేశాను. బస్సు మునగాల దాటాక గాని ఊపిరాడలేదు. ఇక్కడ నా కడుపుకు ఎవరూ పేరు పెట్టలేదు.

మార్చి 29
"మా ఇంట్లో పచ్చడి చేస్తాంగా, నువ్వూ తాగు. ఎవరు చూస్తారే?" అంది అమ్మ. తాగాలనే ఉంది. కానీ నేనిప్పుడు ఆ ఇంటిదాన్ని. తాగితే బిడ్డకేమైనా అయితే... ఛీ, నేనూ నమ్ముతున్నాను!

ఏప్రిల్ 3
అత్తమ్మ దిగింది. ఒళ్ళో కొత్త కుండ పెట్టుకుని వచ్చిందట బస్సులో. సంచిలో స్టీలు గ్లాసు, దాని మీద శారద పేరు చెక్కి ఉంది. "పుట్టంగనే నాలిక మీద ఇంత పచ్చడి రాస్త."
"పసిగుడ్డుకు పచ్చడేంటి వదినగారూ!" అంది అమ్మ.
అత్తమ్మ వినలేదు. కుండ కడుగుతూ కూర్చుంది.

ఏప్రిల్ 4, ఉగాది
తెల్లవారినప్పటి నుంచి నొప్పులు. ఎవరికీ చెప్పలేదు.
"నొప్పులు లేస్తున్నయా బిడ్డా?"
"లేదత్తమ్మా."
"మరి మొహం గట్లున్నదేంది?"
"ఎండకి."
ఆమెను చూస్తే జాలేస్తోంది. ఒక్క మాట చెప్తే చాలు, పన్నెండేళ్ల తర్వాత ఆ ఇంటికి పండుగ వస్తుంది. చెప్పను. నా బిడ్డ పుట్టినరోజు ఇంకొకరి తద్దినం కాకూడదు.
రాత్రి పదకొండయింది. నడుము విరిగిపోతోంది... ఆగు, రేపటిదాకా ఆగు అని కడుపు మీద చెయ్యి పెట్టి బతిమాలుతున్నాను — నేను కూడా.
అత్తమ్మ మళ్ళీ ఇటే వస్తోంది.