పిట్టకు ఇచ్చిన హామీ, బోస్టన్‌లో దాని అమలు

సుగుణకు,

నువ్వు పోయిన పదకొండోనాడు, పెద్దపల్లిలో పిట్టకు పెట్టిన అన్నాన్ని కాకి ఎంతకూ ముట్టలేదు. "అక్కకు ఏదో ఆశ మిగిలింది బావా, జర మాటియ్యి" అని నీ చెల్లెలు పట్టుబట్టింది. "క్యాలెండర్ బొమ్మలల్ల నువ్వు చూస్తుండే అమెరికా చూపిస్త, సరేనా?" అని కాకివైపు చూసి నీ మీద విసుక్కున్నాను. కాకి తక్షణమే వచ్చి ముట్టింది. "అగో, ఒప్పుకున్నది!" అన్నది నీ చెల్లెలు.

సదరు హామీ మేరకు, ఒక సదస్సు నెపంతో బోస్టన్ వచ్చి, నీకు ఊరు చూపిస్తున్నాను. ఇక్కడ దీనిని వసంతమంటారు. చెట్లకు ఆకు లేదు. రోడ్ల పక్కన మురికి మంచు కుప్పలున్నాయి. "గీ కట్టెపుల్లలు చూపెట్టనీకేనా గింతదూరం తోల్కొచ్చినవ్?" అని నువ్వు తప్పక అనేదానివి. నదిని, వంతెనను, ఎర్ర ఇటుకల ఇళ్లను చూపించడమైనది. దారినపోయేవారు వింటారని, అన్నిటి గురించీ నీకు పెదవి కదపకుండానే చెప్పాను.

సముద్రం రెండు వీధుల అవతలే ఉంది. అటు పోలేదు. అది కూడా చూపిస్తే హామీ పూర్తిగా నెరవేరినట్టవుతుంది. ఆపైన నీకు నాతో ఏ పనీ మిగలదు. కావున సముద్రాన్ని నిరవధికంగా వాయిదా వేయడమైనది.