అద్దం అవతలి అక్షరాలు

విజ్జి బాపూ,

రిపోర్టు వచ్చింది, నీకు కరోనా తగ్గింది. ఇక గదిలోంచి బయటికి రా. విజ్జి లేవగానే పాలు కాచి ఇవ్వు. నేను చీరల మడత పనికి వెళ్తున్నాను, ఇవాళ కూడా రాకపోతే వేరే మనిషిని పెట్టుకుంటానన్నాడు సేఠ్.

తర్వాత నవాగామ్‌లో ఉండే వడ్రంగి రాములన్న చేసిచ్చిన అక్షరాల పలక తియ్యి. నిన్న సున్నా తప్ప ఒక్క చెక్క అక్షరమూ దాని గాడిలో దిగలేదు. "ఇది ఖరాబున్నదే అమ్మా, నాకొద్దు సదువు" అని విజ్జి విసిరికొట్టింది. నేను రాములన్నకు ఫోన్ చేసి నాలుగు మాటలన్నాను. "పిల్ల ఎట్ల పెడుతున్నదో జర సూడు చెల్లె" అన్నాడు.

చూశాను. ప్రతి అక్షరాన్నీ రంగు వైపు కిందికి తిప్పి పెడుతోంది. సరిగ్గా పెడితే "ఉల్టా ఉన్నది" అంటోంది. ఎందుకో అంతుపట్టలేదు. సాయంత్రం నీ కిటికీ దగ్గర దొరికింది జవాబు. నువ్వు లోపలి నుంచి అద్దం మీద వేలితో 'అ' రాశావు. విజ్జి బయట నిలబడి నీ వేలి వెంబడే దిద్దింది. ఇన్నాళ్లూ మన బిడ్డ అక్షరాలన్నిటినీ వెనక నుంచి నేర్చుకుంది!

కోప్పడకు. ఎదురుగా కూర్చోకు. ఒళ్లో కూర్చోబెట్టుకుని, వేలు పట్టుకుని గాడిలో దిద్దించు.

రాములన్నకు నువ్వే ఫోన్ చెయ్యి, నాకు మొహం చెల్లడం లేదు.

అనురాధ

అన్నట్టు, ఆ అద్దం మీద నాకోసం ఒక్క అక్షరమూ రాయలేదు నువ్వు. నేను వచ్చేసరికి రాసి ఉంచు. బయటి నుంచి రాయి, సరిగ్గా చదువుకుంటాను.