చెక్క నేల కింద కంపు

మార్చి 12. ఈ రోజు పనులు: వంటింటి బండలు కడిగాను, హాలు గచ్చు తుడిచాను, పడకగదిలో ఉబ్బిన చెక్క పలకలు పీకించాను.

వదినగారికి,

పోయిన నెల మీరు వచ్చినప్పుడు, చెక్క నేలను పిండిన గుడ్డతో తుడవాలే తప్ప కడగకూడదని మొత్తుకున్నాను. "బద్ధకానికి భలే పేరు పెట్టావే" అంటూ మీరు పడకగదిలో బకెట్లకు బకెట్లు నీళ్లు గుమ్మరించారు. అప్పటినుంచి మీ తమ్ముడికి దగ్గు తగ్గలేదు. ఎందుకో ఈ రోజు తెలిసింది. పలకల కింద నల్లటి బూజు, అందులో తెల్ల పురుగులు, చచ్చిన ఎలుక కంపు. చేతులు ఎన్నిసార్లు కడుక్కున్నా ముద్ద నోట్లోకి పోలేదు. ఆయన పడక హాల్లోకి మార్చాను.

పలక ముక్కొకటి డబ్బాలో పెట్టి పంపుతున్నాను. మూత తీసి ఒక్కసారి వాసన చూడండి. నాది బద్ధకమని మీరన్న మాటకు బాకీ దాంతో తీరిపోయినట్టే.