ఆరు తూటాల తుపాకి

ఉదయగిరి,
17-11-1997, సోమవారం.

సోమశిలలో ఉన్న మీకు మస్తానమ్మ వందనాలు చేసి రాసేది. దేవుని దయవల్ల నేనూ, మీ చెల్లెలు జెస్సికా క్షేమం. డ్యామ్ నిండిందని, గేట్ల డ్యూటీ వాళ్ళకు సెలవు లేదని తెలిసింది. తడి తలతో తిరగకండి, దగ్గు మళ్ళీ పట్టుకుంటుంది.

నిన్న చర్చిలో జరిగింది మీరు ఇంకొకరి నోట వినకముందే రాయాలి. నిన్న జెస్సికా పెండ్లికి రెండో ప్రకటన. పెండ్లికొడుకు జోయల్ వాళ్ళమ్మను తీసుకుని ఆత్మకూరు నుంచి మొదటి బస్సుకే వచ్చాడు. మగవాళ్ళ వైపు ముందు బెంచీలో కూర్చున్నాడు. పాస్టరుగారు ఇద్దరి పేర్లూ చదివి, ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పమన్నారు. ఎప్పుడూ ఎవరూ లేవరు కదా, అప్పటికే ఆయన పాటల పుస్తకం తిప్పుతున్నారు. సంఘపెద్ద వరప్రసాదం లేచాడు.

గురువారం ఆత్మకూరులో, మ్యాట్నీ వదిలే వేళకు, సినిమాహాలు గేటులో జెస్సికా గొడుగు చూశానన్నాడు. తెల్లగుడ్డ అతుకు వేసిన ఊదారంగు గొడుగు ఈ ఊళ్ళో ఇంకొకటి లేదు.

"మొహం కనపడలా. గొడుగు కింద నాలుగు కాళ్ళు కనపడినాయి. రెండు మగోడివి," అన్నాడు.

సినిమాకు పోయినవాళ్ళను మన సంఘంలో మూడు నెలలు ప్రభువు బల్లకు దూరం పెడతారు, రొట్టె, ద్రాక్షరసం ఇవ్వరు. అదన్నా ఓర్చుకోవచ్చు. ఎవరో మగవాడితో పోయిందన్న మాట పడ్డాక ఇంక పెండ్లెక్కడిది? జోయల్ వాళ్ళమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. జెస్సికా గోళ్ళు నా మోచేతిలో దిగాయి.

నేను లేచాను. ఆ పూట గొడుగు నా చేతిలో ఉందన్నాను. కళ్ళు చూపించుకుందామని ఆత్మకూరు పోయానని, వాన పట్టుకుంటే హాల్లోకి దూరానని, వచ్చేటప్పుడు తడుస్తున్న ఎవరి బిడ్డనో గొడుగు కిందికి రమ్మన్నానని చెప్పాను.

వరప్రసాదం నమ్మలేదు. "సరేమా, అట్టయితే ఆ సినిమా కతేందో చెప్పు," అన్నాడు.

చెప్పాను. విమానాన్ని ఐదుగురు దొంగలు పట్టుకుంటారు. లోపల నూట ఎనభై మంది. వాళ్ళను కాపాడేది ఒకే ఒక్క హీరో. అతని చేతిలో ఉండేది ఆరు తూటాల తుపాకి, కాల్చింది పదకొండుసార్లు, మధ్యలో ఒక్క తూటా నింపింది లేదు. విమానం రెక్క మీద నడుస్తాడు, పాపిట కూడా చెదరదు. రెండు గంటలసేపు ఒక్క తల్లీ బిడ్డకు నీళ్ళడగదు, ఒక్క ముసలాయనా బాత్రూముకు పోతాననడు. అందరూ తలలు దించుకుని ఆ ఒక్కడు ఎప్పుడు లేస్తాడా అని చూస్తుంటారు. ఆఖరికి పైలట్ చచ్చిపోతే విమానం దించేదీ అతనే. ఎప్పుడు నేర్చుకున్నాడో చెప్పరు. ఇంత చప్పటి సినిమా కోసమా బల్లకు దూరమయ్యానని బాధగా ఉందన్నాను. ఆడవాళ్ళ వైపు నవ్వులు వినిపించాయి.

వరప్రసాదం నవ్వలేదు. "ఇంటర్వెల్ ఎక్కడిచ్చినాడు?" అన్నాడు.

కొంగుతో మొహం తుడుచుకుని, హీరో సామాన్ల మధ్య దాక్కుని ఉండగా తలుపు గడియ కదిలినప్పుడని చెప్పాను. ఆయన మెల్లగా కూర్చున్నాడు. అది సరైన జవాబని ఆయనకెట్లా తెలుసో ఎవరూ అడగలేదు.

నన్ను మూడు నెలలు బల్లకు దూరం ఉండమన్నారు. ప్రకటన నిలిచింది. మూడోది వచ్చే ఆదివారం. మీకు చెప్పకుండా సినిమాకు పోయాను, మన్నించండి.

ఇట్లు,
మీ మస్తానమ్మ.

తా.క. మంగళవారం ఉదయం. కవరు అంటించబోతుంటే జెస్సికా నా చెయ్యి పట్టుకుంది. అన్నకు కూడా అబద్ధం రాయవద్దంది.

నేను ఏ సినిమాకూ పోలేదు. జాకెట్లు కుట్టించుకుని వస్తానని పోయిన జెస్సికానే సినిమాకు పోయింది. శనివారం చింతపండులో గింజలు తీస్తూ నాకు కథంతా చెప్పింది. తూటాలు లెక్కపెట్టింది కూడా తనే, ఆరేళ్ళప్పటి నుంచి నేను పెంచిన పిల్ల కదా. ఇంటర్వెల్ సంగతి మాత్రం చెప్పడం మరిచింది. అది అప్పటికప్పుడు నా పక్కన తల వంచుకుని గొణిగింది.

గొడుగు కింద ఉన్న మగకాళ్ళు జోయల్‌వి. పెండ్లాడబోయేవాళ్ళమే, ఎవరేమంటారని బలవంతంగా తీసుకుపోయింది అతనే. జెస్సికాను ఎవరన్నా ఒక మాటంటే తానూ ఆ హీరోలాగే లేస్తానని బస్టాండు దాకా చెప్పాడట.

"వదినా, ఆదివారం ఆయన ముందు బెంచీలోనే ఉన్నాడు. తల ఎత్తలా. నువ్వు లేచినావు," అంది జెస్సికా.

మూడో ప్రకటనప్పుడు కూడా అభ్యంతరం ఉందా అని పాస్టరుగారు అడుగుతారు. ఈసారి తనే లేస్తానంటోంది. ఈ పెండ్లి వద్దంటుందట. నా అబద్ధం కూడా అప్పుడు బయటపడుతుంది, పడనివ్వండి. నేను తన పక్కనే నిలబడతాను.

ఆ ఒక్క పూట గేట్లు ఎవరికైనా ఒప్పజెప్పి రండి. మగవాళ్ళ వైపు నుంచి కూడా ఒకరు లేవాలి.