ఏడో పక్కటెముక

దువ్వాడ,
8 జూన్ 2025

ప్రియమైన బావ దాలయ్యకు,

నేను త్రినాథరావుని. విమానాల క్లబ్బులో నీతోపాటు పనిచేసిన వడ్రంగిని. నువ్వు "గోదారోడా" అని పిలిస్తే ఉడుక్కునేవాణ్ణి కదా, వాణ్ణే. నలభై మూడేళ్ళయింది మనం మాట్లాడుకుని. యారాడ నుంచి మా వీధికి చేపలు తెచ్చే గురువులు అనే అతని దగ్గర నీ నంబరు తీసుకుని ఫోన్ చేస్తే మీ మనవరాలు దుర్గ ఎత్తింది. "తాతకి ఫోనులో ఏటీ ఇనపడదండి, బోటు ఇంజిను కాడ సెవులు పాడైపోనాయి. ఉత్తరం రాయండి, సదువుకుంటాడు" అంది. ఈ రోజుల్లో పోస్టు డబ్బా ఎక్కడుందో వెతుక్కోవడానికి ఒక పూట పట్టిందనుకో.

సంగతేమిటంటే, స్టీల్ ప్లాంట్‌లో రిటైరయ్యాక ఖాళీగా కనిపిస్తే చాలు, మా వరహాలమ్మ కూరగాయల సంచీ చేతికిస్తోంది. ఆ బాధ పడలేక మన పసుపుపచ్చ రెండు సీట్ల విమానానికి నమూనా మొదలుపెట్టాను. అసలుదానిలో పదో వంతు. రెక్క లోపల చెక్క పక్కటెముకలు, వాటి మీద బట్ట, బట్టని ఎముకలకు పట్టి ఉంచే కుట్టు, అన్నీ దానిలాగే ఉండాలని నా పట్టుదల.

కానీ వివరాలు ఎక్కడ దొరుకుతాయి? ఇంటర్నెట్‌లో ఆ రకం విమానాల బొమ్మలు కొల్లలు. మనది మాత్రం లేదు. మనవాళ్ళు దానికి వేసిన అతుకులు ఏ పుస్తకంలో ఉంటాయి చెప్పు! నా దగ్గరున్నది ఒక్కటే ఫోటో, వార్షికోత్సవం నాటిది. అందులో అందరం వరసగా నిలబడి విమానాన్ని కప్పేశాం. ముక్కు మీద గీత ఎరుపే కదా? ఎడమ తలుపు గొళ్ళెం ఎలా ఉండేది? రెక్కలు కుట్టింది నువ్వు కాబట్టి, ఎముకకి ఎన్ని కుట్లు, దారం ఎంత, అవి కూడా రాయి.

మధ్యాహ్నం రెక్క నీడలో కూర్చుని నీ ఎండు నెత్తళ్ళ కూర తిన్న రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నోరూరుతుంది.

నీ జవాబు కోసం ఎదురుచూసే,
త్రినాథ్


యారాడ,
21 జూన్

త్రినాథ్ బావకి,

ఉత్తరం అందింది. దుర్గ విప్పబోతే నానే లాక్కున్నాను. నువ్వు బతికే ఉన్నావన్నమాట. సంతోషం.

గీత ఎరుపు అని నీకెవడు చెప్పాడు? నీలం. మా బోటుకి వేయగా మిగిలిన రంగు డబ్బా నానే తెచ్చాను. ఎడమ తలుపు గొళ్ళెం ఊడిపోతే వల తాడు కట్టాను. పైలట్ సారు గాల్లో ఉన్నంతసేపూ ఓ చేత్తో ఆ తాడు పట్టుకునేవోడు. "దాలయ్యా, నాను విమానం తోలుతన్నానా, దూడని తోలుతన్నానా?" అని నవ్వేవోడు. కుడి సీటు మీద గోనె పట్టా. వెనక చక్రం గట్టి రబ్బరుది, గాలి పెట్టేది కాదు.

కుట్టు సంగతి మాత్రం అడక్కు. నాను క్లబ్బులో పనిచేసానని ఈ ఇంట్లో మా ఆవిడ గంగాలమ్మకి తప్ప ఎవరికీ తెలీదు. దుర్గ ఇప్పుడు విమానాల మెకానిక్ కోర్సు చదువుతోంది. మొన్న పుస్తకం ముందేసుకుని, "తాతా, రెక్క బట్టకేసే ముడి మన వల ముడేనంట, సూడు" అని బొమ్మ చూపించింది. నాను ఏటీ వినపడనట్టు ఊరుకున్నాను. చెవుడు ఒక్కోసారి పనికొస్తాది. రెక్క సరిగ్గా కుట్టలేక వెళ్ళగొట్టించుకున్నాడు మా తాత అని అది తెలుసుకోవాలా?

ఇట్లు,
మీ బావ దాలయ్య


దువ్వాడ,
5 జూలై

ప్రియమైన బావకు,

నీలం గీత వేసేశాను. తాడు గొళ్ళెం కూడా పెట్టాను. చూసి మా ఆవిడ "ఇదేం విమానం, కోళ్ళగూడులా ఉంది" అంది. నాకు ప్రాణం లేచొచ్చింది, అచ్చం అలాగే ఉండేది కదా.

మన స్టోర్ కీపర్ సాయిశంకర్ వన్ టౌన్‌లోనే ఉన్నాడు. వాళ్ళ అటక మీద రిపేరు మాన్యువల్ దొరికింది. చెదలు తినగా మిగిలినదాంట్లో రెక్క బొమ్మ బాగానే ఉంది. ఒక్కటే చిక్కు. రెక్కలో ఏడో ఎముక విరిగితే కొత్తది చేసింది నేనే కదా. దాని ప్లైవుడ్ అచ్చు ఇన్నేళ్ళూ పెట్టెలో దాచుకున్నాను. అది మాన్యువల్‌కి సరిపోవడం లేదు. పుస్తకంలోనే తప్పు పడి ఉంటుంది.

బావా, కుట్టు గురించి అడక్కన్నావు. ఆ రోజు గాల్లో బట్ట చిరిగి, పైలట్ సారు ఎలాగో కిందికి దింపాడు. చిరిగింది ఆ ఏడో ఎముక మీదే. అక్కడ నీ దారంలో అతుకు ముడి కనబడింది, అది ఊడబట్టే చిరిగిందని నిన్ను పంపేశారు. దాచడమెందుకు, నేను కూడా అలాగే అనుకున్నాను. కానీ నువ్వు లేకపోతే ఆ విమానానికి రెక్కే లేదు. నీ కుట్టు వదిలేసి నమూనా చేస్తే అది అబద్ధం అవుతుంది. దయచేసి రాయి.

ప్రేమతో,
త్రినాథ్


యారాడ,
14 జూలై

త్రినాథరావు గారికి,

కావాలన్నారు కదా, రాసుకోండి. ఎముకకి పద్దెనిమిది కుట్లు. ఎముకకి నాలుగు బారల దారం. రెండు చేతులూ చాపి మా అయ్య నేర్పిన కొలత. అన్నిటికీ ముందే తెంపి పెట్టుకునేవోణ్ణి. ఆరోదానికి సరిపోయింది. ఎనిమిదోదానికి సరిపోయింది. ఏడోదానికి బెత్తెడు చాల్లేదు. ఎందుకు చాల్లేదో ఈ రోజుకీ నాకు తెలీదు. అందుకే ముడేసి అతికాను.

ఆ ముడి ఊడలేదు. విమానం దిగాక నా కళ్ళతో చూసాను. ముడి ముడిలాగే ఉంది, బట్టే ఎముక అంచున కోసుకుపోయింది. ఇంజినీరు గారికి అదే చెప్పాను. "వల కుట్టుకునేవాడివి, నీకేం తెలుసు?" అన్నారు. మీరు పక్కనే ఉన్నారు. చేతిలో ఉలి పట్టుకుని నేల చూసారు. ఇద్దరం ఒకే గిన్నెలో తిన్నోళ్ళం. ఒక్క మాట, "వాడి పని నాకు తెలుసండి" అని అనలేకపోయారు.

ఇంక నాకు రాయొద్దు.

దాలయ్య


దువ్వాడ,
27 ఆగస్టు

బావా,

రాయొద్దన్నావు. ఇదొక్కటీ చదివి, తరవాత నీ ఇష్టం.

నువ్వు రాసిన బెత్తెడు నన్ను నిద్రపోనివ్వలేదు. పద్దెనిమిది కుట్లలోనూ దారం ఎముక చుట్టూ తిరిగి రావాలి. బెత్తెడు ఎక్కువ పట్టిందంటే ఎముకే ఎత్తు ఎక్కువుండాలి. లెక్క కడితే రెండు మిల్లీమీటర్ల పైచిలుకు వచ్చింది. పెట్టెలోంచి అచ్చు తీసి కొలిచాను. మాన్యువల్ కంటే సరిగ్గా అంతే ఎక్కువ. అప్పుడు నా పాత ప్యాటర్న్ స్కేలు తీసి దాంతో కొలిచాను. మాన్యువల్‌కి వెంట్రుకవాసి తేడా లేకుండా సరిపోయింది.

ఆ స్కేలు సంగతి నీకు చెప్పాలి. కరిగిన లోహం చల్లారితే కుంచించుకుపోతుంది. అందుకని ఫౌండ్రీలో చెక్క అచ్చులు చేసేవాళ్ళ స్కేలు మీద అంగుళం అసలు అంగుళం కంటే పిసరు పెద్దగా గీసి ఉంటుంది. చూస్తే తెలియదు. అప్పుడే ఐటీఐలో ఆ పని నేర్చుకుని వచ్చానేమో, ఆ ఇత్తడి స్కేలంటే నాకు మహా గర్వం, జేబులోంచి తీసేవాణ్ణి కాదు. దాంతోనే ఏడో ఎముక కొలిచాను. విమానం ఎముకని ఎవడూ పోత పోయడు కదా. అది పెద్దదిగానే ఉండిపోయింది. పక్కవాటికంటే పైకి పొడుచుకుని ఉంటే, ఎగిరినప్పుడల్లా బట్ట దాని అంచుకి రాసుకుని రాసుకుని కోసుకుపోయింది.

తప్పు నీ ముడిది కాదు. నా స్కేలుది. నాది.

ఇది తెలిసి నెల దాటింది. రాయడం, చింపడం. నీ పని పోయింది. నేనేమో అదే స్కేలు జేబులో పెట్టుకుని స్టీల్ ప్లాంట్ ప్యాటర్న్ షాపులో చేరి, రిటైరై, సన్మానం కూడా చేయించుకున్నాను. కొలత తప్పడం తెలియక చేసింది. ఆ రోజు నోరు మూసుకోవడం తెలిసి చేసింది. నీ తరఫున మాట్లాడితే నా పని కూడా పోతుందని భయపడ్డాను. క్షమించమని అడిగే ముఖం లేదు. అయినా అడుగుతున్నాను.

త్రినాథ్


యారాడ,
4 సెప్టెంబరు

త్రినాథ్ బావకి,

ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి చదివి సముద్రంలోకి విసిరేయబోతే గంగాలమ్మ లాక్కుంది. "నలబై ఏళ్ళు నీకు నువ్వు సెప్పుకున్న మాట ఇప్పుడు ఆయనే రాసి పంపితే పారెత్తావేటి?" అంది.

నా కోపం పోలేదు. పోతాదని మాటివ్వను. ఆ జీతం ఉండుంటే మా కొడుకు రాముని పదోక్లాసులో బడి మాన్పించి బోటెక్కించేవోణ్ణి కాదు. అది నువ్వు తిరిగి ఇవ్వలేవు. నాను అడగను కూడా.

ఒక్కటి చెయ్యి. ఆదివారం రా. నాకు రాసిందంతా రాము ముందు, దుర్గ ముందు నీ నోటితో చెప్పు. స్కేలూ అచ్చూ తీసుకురా. దుర్గ కొలుస్తాది. మాటలతో దాన్ని నమ్మించలేవు, మెకానిక్ కదా. నీ బొమ్మ విమానం రెక్కలకి బట్ట మాత్రం నువ్వు వెయ్యకు. ఎముకలు కనపడేలా అలాగే పట్టుకురా, ఆ పని నాది. మీ ఆవిణ్ణి కూడా తీసుకురా.

ఇంకో సంగతి నీకు చెప్పాలి. క్లబ్బు నుంచి వచ్చేసినకాడి నుంచి నాను వేసిన ప్రతి ముడినీ రెండోసారి లాగి చూసుకుంటాను. వలకైనా, తెడ్డుకైనా, మనవరాలి ఊయలకైనా. రాము విసుక్కుంటాడు, "నీ ముడి ఎప్పుడైనా ఊడిందేటి అయ్యా?" అని. వాళ్ళంతా అది నా అలవాటు అనుకున్నారు. అలవాటు కాదు బావా, భయం. ముడి ఊడలేదని కళ్ళారా చూసినా, నా చేతుల మీద నాకు నమ్మకం పోయింది.

నిన్న పొద్దున నీ ఉత్తరం జేబులో పెట్టుకుని ఒడ్డున కూర్చుని చిరిగిన వల బాగుచేసాను. సాయంత్రానికి వందకి పైనే ముడులు పడ్డాయి. ఒక్కటీ లాగి చూడలేదు.

ఇట్లు,
నీ బావ
దాలయ్య