నాన్న కూర్చునే మూల

నాన్నా,
ఇక్కడ అందరం బాగున్నాం. పడవ మునిగిందని వెర్నా అత్త ఫోన్ చేసి ఉంటే నమ్మకు.

ఈ వేసవి నీ బరువు లేక పడవ వెనక ఎడమ మూల పైకి తేలిపోతోంది. ఆ మూల నీళ్లలోకి దిగితేనే కదా పడవ వెనక పెద్ద అల లేచేది, ఇప్పుడు సర్ఫింగ్ పలక మీద నిలబడదామంటే సరైన అల లేవదు. తమ్ముడు క్లింట్ ఆ మూల మూడు నీటిసంచులు నింపాడు, చాలక సీసం మూటలు పేర్చాడు. అదీ చాలక, "అత్తా, ఇటొచ్చి కూర్చో, ఇవాళ నీ బరువుతో పనుంది" అన్నాడు.

"మీ నాన్నంత లేన్లేరా, వెధవా!" అంటూనే అత్త కూర్చుంది. అల అద్భుతంగా లేచింది. ఆ సంబరంలో వీడు ఇంజను వేగం టక్కున తగ్గించాడు. వెనకే వస్తున్న అల తిన్నగా పడవలోకెక్కి అత్తను నడుం దాకా తడిపింది. జరిగిందంతే.

నీ ఆపరేషన్ తేదీ ఆసుపత్రిలో చెప్పారా? ఫోనెందుకు ఎత్తవు? నాకిక్కడ కాలు నిలవడం లేదు. పడవలో నీళ్లు తోడే పంపు ఫ్యూజులు గరాజులో ఎక్కడున్నాయో అమ్మ చేత రాయించు. అమ్మకు ముద్దులు.

నిన్ను నలభై పౌండ్లు తగ్గమన్నాడట డాక్టరు, అమ్మ పోయినవారం చెప్పింది. తగ్గు నాన్నా. తగ్గినంత బరువుకి సీసం వేసుకుంటాం. మిగిలిన మనిషివి మాత్రం వచ్చి నీ మూలలో కూర్చో.

నీ రోండా