ఒక్క చుక్క నూనె

ఘాలా, గురువారం మధ్యాహ్నం

రజితా,

ఫోన్లో చెబితే పక్కనున్న అమ్మ వింటుందని, సెలవు మీద ఊరికి వస్తున్న, నాతో పనిచేసే ఫజల్ చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను.

మా గ్యారేజీ యజమాని అర్బాబ్ సాలిం, కన్నకొడుకులను కూడా తాకనివ్వని తుపాకీని నాతో తుడిపిస్తాడని నీ దగ్గర గొప్పలు పోయాను కదా. లైసెన్సు ఆయనది కాబట్టి ఎదురుగా కూర్చుని కహ్వా తాగుతూ చూస్తుంటాడు. పిస్తోలుకు వేసే పొట్టి తూటాలే దానికీ సరిపోతాయి. బారెల్ కింది గొట్టంలో నింపి, పిడిని కిందికీ పైకీ ఆడిస్తే ఒక్కొక్కటే వస్తుంది. "నూనె ఒక్క చుక్క చాలు, ఎక్కువైతే ఇసుక పట్టుకుంటుంది" అని మొదటి రోజే చెప్పాడు. నేను వింటానా? నీ కుట్టుమిషన్‌కు నూనె పోసి పెళ్లి జాకెట్టు పాడుచేసిన చేయి కదా! ఆయన చూడనప్పుడు గొట్టంలోకి ధారగా పోశాను.

ఈ ఉదయం సరిగా ఆడుతోందో లేదో చూద్దామని ఆయన అయిదు తూటాలు నింపి, పిడి ఆడించి బయటికి తీశాడు. నాలుగే వచ్చాయి. ఇసుక పట్టిన జిడ్డులో తూటాలను నెట్టే స్ప్రింగు ఇరుక్కుని అయిదోది లోపలే ఉండిపోయింది. ఫోన్లో పెళ్లి మాటల్లో పడి ఆయన గమనించలేదు. "కుల్లు ఖలాస్?" అన్నాడు, అన్నీ అయిపోయాయా అని. నిజం చెబితే నా నూనె సంగతి బయటపడుతుంది. నా వీసా రెన్యువల్ కాగితం ఆయన బల్ల మీదే ఉంది. "ఖలాస్, అర్బాబ్" అనేశాను.

సాయంత్రం ఆయన తమ్ముడి కూతురి పెళ్లి. ఇక్కడి ఆనవాయితీ ప్రకారం నాట్యం చేస్తూ ఆ తుపాకీని పైకి విసిరి పట్టుకుంటాడు, ఖాళీదే కదా అని పిడి ఆడించి ట్రిగ్గర్ నొక్కుతాడు. చుట్టూ జనం. ఆ కుదుపుకి తూటా కదిలితే?

నీ ప్రభాకర్


అదే రోజు, నాలుగు గంటలకు

రజితా,

ఫజల్ ఇంకా బయల్దేరలేదు. మొదటిది చదివి హడలిపోతావని ఇది కూడా అదే కవర్లో పెడుతున్నాను.

ఉత్తరం అందుకుంటూ ఫజల్ నా ముఖం చూసి ఏమైందని అడిగాడు. చెప్పేశాను. "నీ వీసా కోసం పెండ్లిల ఎవలన్న సావాల్నా? నడువ్!" అని రెక్క పట్టుకుని లాక్కెళ్లాడు.

బండి ఎక్కబోతున్న అర్బాబ్‌కు అడ్డం పడ్డాను. ఒకటి లోపలే ఉందనీ, నూనె పోసింది నేనేననీ చెప్పాను. ఆయన ముఖం మాడిపోయింది. తుపాకీ మొన ఇసుక గుట్ట వైపు తిప్పి, తనే గొట్టం విప్పాడు. నల్లటి జిడ్డు, దాని వెనక తూటా.

"నేను కూడా చూసుకోవాల్సింది" అని మాత్రం అన్నాడు. లోపలికి వెళ్లి నా కాగితం మీద సంతకం పెట్టాడు. హమ్మయ్య అనుకుని అలవాటుగా తుడిచే గుడ్డ కోసం చేయి చాపాను. ఇవ్వలేదు. రోజూ తాను కూర్చునే కుర్చీ నాకు చూపించి, తనే గొట్టమంతా తుడిచి, ఒక్క చుక్క నూనె వేసి, సీసా మూత బిగించాడు.

ఉద్యోగం మిగిలింది. అయినా ఆ కుర్చీలో కూర్చుని ఏడ్చాను రజితా.

నీ ప్రభాకర్